హెచ్‌ఎస్‌సీలో స్కూలు మార్కులు పరీక్ష మార్కులను బట్టి ఎలా మారతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌ఎస్‌సీ అంటే హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్, న్యూ సౌత్ వేల్స్‌లో స్కూలు చివరి ఏడాది, అంటే ఇయర్ 12, ముగించినవాళ్లకు ఇచ్చేది. సిడ్నీ చుట్టుపక్కల ఇయర్ 12 పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఏటా ఇవే సందేహాలు వస్తుంటాయి. ఇండియాలో పదో తరగతి, ఇంటర్ చదివి వచ్చిన తల్లిదండ్రులకు న్యూ సౌత్ వేల్స్ పద్ధతి ఒక పట్టాన అర్థం కాదు. పిల్లలకు సగం తెలిసి ఉంటుంది, మిగతా సగం స్నేహితులు చెప్పిన మాటలే. అందుకే ప్రశ్నలను ఏడాదిలో ఏ దశలో వస్తాయో ఆ వరుసలో పెట్టాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ఇయర్ 12 మొదలయ్యేటప్పుడు

హెచ్‌ఎస్‌సీ మార్కులో స్కూలు వాటా ఎంత, పరీక్ష వాటా ఎంత?

చెరి సగం. అక్టోబరు, నవంబరుల్లో రాష్ట్రమంతా రాసే పరీక్షకు 50 శాతం, స్కూలు ఏడాది పొడవునా పెట్టే అసెస్‌మెంట్ టాస్కులకు 50 శాతం. అయితే ఆ రెండో సగంలోకి స్కూలు వేసిన మార్కు ఉన్నదున్నట్టుగా వెళ్లదు. న్యూ సౌత్ వేల్స్ ఎడ్యుకేషన్ స్టాండర్డ్స్ అథారిటీ, అంటే నెసా, ఆ స్కూలు పిల్లలంతా ఆ సబ్జెక్టు పరీక్షలో ఎలా రాశారో చూసి స్కూలు మార్కులను సర్దుతుంది. ఈ సర్దుబాటు పేరే మోడరేషన్.

స్కూలు వేసిన మార్కును ముట్టుకోవడం ఎందుకు? టీచర్ల మీద నమ్మకం లేకనా?

నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు. ప్రతి స్కూలు తన టాస్కులు తానే తయారుచేసుకుంటుంది, తానే దిద్దుకుంటుంది. ఒక ఊళ్లో కుంచం పెద్దది, ఇంకో ఊళ్లో చిన్నది అయినప్పుడు రెండు ఊళ్ల ధాన్యాన్ని కుంచాల లెక్కన పోల్చలేం కదా. ఒక స్కూల్లో 85, మరో స్కూల్లో 85 ఒకటే అనడానికి ఆధారం ఉండదు. రాష్ట్రంలో అందరూ రాసేది ఒకే ఒక్కటి, చివరి పరీక్ష. అందుకే కొలతగా దాన్ని వాడతారు.

స్కూలు నుంచి నెసా తీసుకునేవి రెండు: ఎవరి తర్వాత ఎవరు అన్న వరుస, వాళ్ల మధ్య ఎంత దూరం ఉందన్న సంగతి. ఆ గుంపు మొత్తం ఏ స్థాయిలో ఉందన్నది మాత్రం పరీక్షే తేలుస్తుంది.

మన దగ్గర ఇంటర్నల్స్ నేరుగా కలిపేవాళ్లు. ఇక్కడా అంతే అనుకోవచ్చా?

అనుకోకూడదు. తెలంగాణ పదో తరగతిలో 80 మార్కుల రాతపరీక్షకు 20 ఇంటర్నల్ మార్కులు కలిపే పద్ధతి చాలామందికి తెలుసు. ఇంటర్ సైన్స్ గ్రూపుల్లో 30 మార్కుల ప్రాక్టికల్స్ కూడా అలాగే నేరుగా కలుస్తాయి. కాలేజీ ధారాళంగా వేస్తే అది నికరంగా లాభం. హెచ్‌ఎస్‌సీలో ధారాళంగా వేసినా, పిసినారితనంగా వేసినా ఫలితం ఒకటే. క్లాసులో ప్రతి ఒక్కరికీ 20 మార్కులు పెంచి పంపినా మోడరేషన్ తర్వాత వచ్చే మార్కు మారదు. అందుకని ‘మా స్కూలు మార్కులు వేయదు’ అనే దిగులు అక్కర్లేదు.

అసెస్‌మెంట్ టాస్కులు ఎన్ని ఉంటాయి? ట్రయల్ పరీక్ష అందులో భాగమేనా?

నెసా బోర్డు రూపొందించిన కోర్సుల్లో మామూలుగా ఇయర్ 12లో గరిష్ఠంగా నాలుగు. అసలు పరీక్షకు ముందు స్కూలు నమూనాగా పెట్టే ట్రయల్ పరీక్ష ఉంటే అదీ ఆ నాలుగులో ఒకటి. ఒక్కో టాస్కు బరువు 10 నుంచి 40 శాతం మధ్య ఉండాలి. పూర్తి స్థాయి రాతపరీక్షలా సాగేది ఒక్కటే ఉండాలి, దాని బరువు 30 శాతం దాటకూడదు. ఏ టాస్కు ఏ వారంలో, ఎంత శాతం అన్నది ఏడాది మొదట్లో స్కూలు ఇచ్చే అసెస్‌మెంట్ బుక్‌లెట్‌లో ఉంటుంది. ఆ పేజీని ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, జబ్బు చేస్తే ఏ ఫారం, మార్కు మీద అభ్యంతరం ఎన్ని రోజుల్లో చెప్పాలి, అన్నీ అందులోనే ఉంటాయి.

ఇయర్ 11 మార్కులు కలుస్తాయా?

కలవవు. హెచ్‌ఎస్‌సీ అసెస్‌మెంట్ ఇయర్ 12 కోర్సుదే.

## టాస్కులు నడుస్తున్నప్పుడు

మా అమ్మాయికి 75 వచ్చింది, పక్క స్కూల్లో వాళ్ల అబ్బాయికి 92. వెనకబడినట్టేనా?

ఈ రెండు అంకెలూ పోల్చడానికి పనికిరావు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ అమ్మాయి ర్యాంకు ఎంత, ఎంతమందిలో? ముందున్న వాళ్లకూ తనకూ మధ్య తేడా ఎంత? 75తో 60 మందిలో రెండో ర్యాంకు రావచ్చు, 92తో 100 మందిలో నలభయ్యో ర్యాంకూ రావచ్చు. విందులో ఎవరైనా పిల్లల టాస్కు మార్కులు ఏకరువు పెడుతుంటే, వాటిని బట్టి ఇంటికొచ్చి పిల్లను మందలించకండి. ఆ పోలికకు అర్థం లేదు.

ర్యాంకు ముఖ్యమా, మార్కు ముఖ్యమా?

ర్యాంకు, మార్కుల మధ్య తేడా, రెండూ ముఖ్యమే. చాలామంది ర్యాంకు దగ్గరే ఆగిపోతారు. మొదటి ర్యాంకు 88, రెండో ర్యాంకు 87.5 అయితే మోడరేషన్ తర్వాత కూడా ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. రెండో ర్యాంకు 74 అయితే ర్యాంకు అదే అయినా మార్కు బాగా కిందికి పోతుంది. ఇద్దరికీ సమానంగా ఉంటే మోడరేషన్ తర్వాతా సమానమే.

ర్యాంకు లెక్కేసేది ఆ స్కూల్లో ఆ కోర్సు తీసుకున్న అందరినీ కలిపి. ఫలానా టీచర్ సెక్షన్‌లో ఫస్టు అంటే స్కూల్లో ఫస్టు అని కాదు. నాలుగు సెక్షన్లుంటే నలుగురు ఫస్టులు ఉంటారు. రిపోర్టులో ఏ ర్యాంకు రాశారో సరిగ్గా చూడండి.

అన్ని టాస్కులకూ 25 శాతమే కదా, మరి ఒక్క ట్రయల్‌తో ర్యాంకు ఎందుకు తలకిందులైంది?

కాగితం మీద బరువు ఒకటే అయినా, మార్కులు ఎంత విస్తరించాయన్నది అసలు ప్రభావాన్ని తేలుస్తుంది. ఒక రీసెర్చ్ టాస్కులో అందరికీ 25కు 21 నుంచి 23 మధ్య వచ్చాయనుకోండి. అది ఎవరినీ ముందుకీ వెనక్కీ జరపదు. అదే 25 శాతం బరువున్న ట్రయల్‌లో ఒకరికి 10, ఇంకొకరికి 23 వస్తే తేడా అంతా అక్కడే పుడుతుంది. చదువుకునే సమయాన్ని పంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఇంట్లో చేసుకొచ్చే టాస్కుకు అరమార్కు కోసం నాలుగు రాత్రులు మేలుకుని, రాతపరీక్ష టాస్కుకు రెండు రోజులు మిగుల్చుకోవడం పిల్లలు తరచూ చేసే పొరపాటు.

క్లాసులో సరిగ్గా చదవని పిల్లలుంటే మావాడి మార్కు కిందికి లాగేస్తారా?

అందరికన్నా ఎక్కువ భయపెట్టే ప్రశ్న ఇదే, ఆ భయం చాలావరకు అనవసరం. గుంపులో అడుగున ఉన్న అసెస్‌మెంట్ మార్కును, వీలైనంతవరకు, ఆ గుంపు పరీక్షలో వచ్చిన అతి తక్కువ మార్కుకు కడతారు. పైనున్న మార్కును అతి ఎక్కువ మార్కుకు కడతారు. అడుగున ఉన్నవాడు పరీక్ష పాడుచేస్తే ఆ దెబ్బ ఎక్కువగా అడుగునే తగులుతుంది.

ఐదుగురే ఉన్న ఒక ఊహా క్లాసు తీసుకుందాం. స్కూలు మార్కులు 90, 80, 70, 60, 50. పరీక్షలో ఆ గుంపుకు వచ్చినవి 85, 77, 69, 54, 35. మోడరేషన్ తర్వాత స్కూలు మార్కులు వరుసగా 85, 78.5, 68, 53.5, 35 అవుతాయి. ఇప్పుడు చివరివాడికి పరీక్షలో 35 బదులు 25 వచ్చిందనుకోండి. అవే మార్కులు 85, 80.5, 69, 50.5, 25 అవుతాయి. రెండు, మూడు ర్యాంకుల వాళ్లకు నష్టం రాకపోగా కాస్త కలిసొచ్చింది. తగ్గింది నాలుగో వాళ్లకు 3 మార్కులు, చివరివాడికి 10.

నిజంగా దెబ్బ తగిలేది పై వరుసలో, మధ్యలో ఉన్నవాళ్లు చాలామంది ఒకేసారి పరీక్ష సరిగ్గా రాయనప్పుడు. అప్పుడు గుంపు సగటే కిందికొస్తుంది.

అయితే నోట్సు ఎవరికీ ఇవ్వకుండా ఉంటే మంచిదా?

టాస్కుల వరకు పక్కవాడు పోటీదారు. చివరి పరీక్షలో మాత్రం అతను రాసిన మార్కు మీవాడి అసెస్‌మెంట్‌లోకి వస్తుంది. ట్రయల్స్ అయ్యాక అసెస్‌మెంట్ వరుస దాదాపు ఖరారైపోతుంది కాబట్టి, అక్కణ్నుంచి క్లాసులో ప్రతి ఒక్కరూ బాగా రాయడం అందరికీ లాభమే. పాత పేపర్లు కలిసి చేసుకునే గుంపులు ఇందుకే పనికొస్తాయి. ఇంట్లో ‘నీ నోట్సు బయటికి పోనివ్వకు’ అని నూరిపోసే తల్లిదండ్రులు తెలియకుండానే పిల్లల మార్కుకు అడ్డుపడుతున్నారు.

సెలెక్టివ్ స్కూల్లో (ప్రవేశ పరీక్షతో పిల్లలను ఎంచుకునే స్కూల్లో) వెనక ర్యాంకు కన్నా మామూలు స్కూల్లో ఫస్టు ర్యాంకు మేలు కదా?

మోడరేషన్ ఈ తేడాను చాలావరకు చదును చేసేస్తుంది. జేమ్స్ రూజ్‌లోనో గిరావీన్‌లోనో మధ్య ర్యాంకు వచ్చినా, ఆ గుంపు పరీక్షలో బాగా రాస్తుంది కాబట్టి అసెస్‌మెంట్ మార్కు కూడా ఆ ఎత్తులోనే నిలుస్తుంది. మామూలు స్కూల్లో ఫస్టు వచ్చిన పిల్లకు ఆ స్కూలు పరీక్షలో సాధించిన అత్యధిక మార్కు వస్తుంది. సాధారణంగా దాన్ని తనే సాధిస్తుంది. ర్యాంకు కోసం స్కూలు మార్చే ఆలోచన ఇయర్ 12లో అసలు వద్దు. పాత స్కూలు మార్కు కొత్త స్కూలు కొలతకు సరిపోదు, పిల్లలు సర్దుకునేలోపే టాస్కులు అయిపోతాయి.

మా అబ్బాయి సబ్జెక్టులో స్కూలంతా కలిపి ఒక్కడే. అప్పుడు?

ఒక్కరే ఉంటే వరుస అన్నదే ఉండదు. మోడరేట్ చేసిన అసెస్‌మెంట్ మార్కు పరీక్ష మార్కుతో సమానమవుతుంది. అంటే భారమంతా పరీక్ష మీదే. టాస్కులు మాత్రం తప్పనిసరిగా చేయాలి.

ఒక టాస్కు మిస్సయింది, సున్నా వేశారు. ఎంత నష్టం?

20 శాతం బరువున్న టాస్కుకు సున్నా అంటే వందలో 20 పోయినట్టు, వరుసలో చాలా కిందికి జారిపోతాడు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. మొత్తం అసెస్‌మెంట్ మార్కుల్లో 50 శాతానికి మించిన టాస్కులను నిజాయితీగా ప్రయత్నించకపోతే ఆ కోర్సు పూర్తయినట్టే లెక్కలోకి రాదు. జబ్బు చేసి మిస్సయితే అదే రోజు స్కూలుకు ఫోన్ చేయండి, డాక్టర్ సర్టిఫికెట్ మీద టాస్కు ఉన్న తేదీ కచ్చితంగా ఉండేలా చూసుకోండి. మర్నాటి తేదీతో తెచ్చిన సర్టిఫికెట్ల వల్లే చాలా గొడవలు వస్తాయి. ఇంట్లో పెళ్లికి ఇండియా ప్రయాణం పెట్టుకునేవాళ్లు టికెట్లు కొనకముందే బుక్‌లెట్ చూసి స్కూలు అనుమతి తీసుకోవాలి.

టీచర్ దిద్దడంలో అన్యాయం జరిగితే మోడరేషన్ సరిచేస్తుందా?

సరిచేయదు. మోడరేషన్ గుంపు స్థాయిని సరిచేస్తుంది, గుంపు లోపలి వరుసను ముట్టుకోదు. మూడో స్థానంలో ఉండాల్సిన పిల్లను స్కూలు ఎనిమిదో స్థానంలో పంపితే నెసా దగ్గర కూడా ఎనిమిదే. అందువల్ల టాస్కు పేపరు చేతికొచ్చిన రోజే మార్కుల కూడిక చూసుకోవాలి, మార్కింగ్ గైడ్‌తో సరిపోల్చుకోవాలి, అనుమానముంటే స్కూలు పెట్టిన గడువులోగా అడగాలి. సెప్టెంబరులో వెళ్లి మార్చి నాటి టాస్కు గురించి మాట్లాడితే వినేవాళ్లు ఉండరు.

## అసలు లెక్క

లెక్క ఎలా వేస్తారో ఒక్కసారి అంకెలతో చూపిస్తారా?

ఒక స్కూలు, ఒక కోర్సు, ఐదుగురు పిల్లలు. పేర్లూ అంకెలూ ఊహించినవి.

| విద్యార్థి | స్కూలు మార్కు | పరీక్ష మార్కు | మోడరేట్ చేసిన మార్కు | రెండింటి సగటు |
|---|---|---|---|---|
| హర్ష | 90 | 77 | 85 | 81 |
| నిహారిక | 80 | 85 | 78.5 | 81.75 |
| ఆదిత్య | 70 | 54 | 68 | 61 |
| మేఘన | 60 | 69 | 53.5 | 61.25 |
| రోహన్ | 50 | 35 | 35 | 35 |

మూడు షరతులు పాటిస్తారు. స్కూలు మార్కుల్లో మొదటివాడికి గుంపు పరీక్షలో వచ్చిన అత్యధిక మార్కు, ఇక్కడ 85. చివరివాడికి, వీలైతే, అత్యల్ప మార్కు, 35. మోడరేట్ చేసిన మార్కుల సగటు, పరీక్ష మార్కుల సగటు సమానం కావాలి. ఇక్కడ రెండూ 64. ఈ మూడింటికీ సరిపడే ఒక వర్గ సమీకరణం కట్టి, మధ్యలో వాళ్లందరి మార్కులూ దానితో లెక్కిస్తారు.

హర్షను చూడండి. పరీక్షలో 77 వచ్చినా అసెస్‌మెంట్ 85 అయింది. ఆ 85 పరీక్షలో తెచ్చింది నిహారిక. అయినా ఆమె నుంచి ఎవరూ ఏమీ లాక్కోలేదు. పరీక్ష సగంలో ఆమె 85 ఆమెకే ఉంది. మేఘన పరీక్షలో ఆదిత్యను 15 మార్కులు దాటేసి, చివరికి అతనికన్నా పావు మార్కు ముందుంది. ఏడాదంతా వెనకబడినా పరీక్షలో కోలుకోవచ్చు, కానీ దానికి అంత శ్రమ పడాలి.

స్కూలు మార్కుల మధ్య అంతటా 10 మార్కుల తేడా ఉంది కదా, మోడరేషన్ తర్వాత అవే తేడాలు 6.5, 10.5, 14.5, 18.5 అయ్యాయి. గుంపులో ఎక్కువమంది పరీక్షలో పైస్థాయికి దగ్గరగా ఉంటే పైన తేడాలు దగ్గరపడి, కింద సాగుతాయి. వరుస మాత్రం చెదరలేదు.

మొదటి ర్యాంకు పిల్లకు పరీక్ష రోజు ఒంట్లో బాగోకపోతే క్లాసంతా నష్టపోతుందా?

ఇల్‌నెస్ మిసడ్వెంచర్ దరఖాస్తు (జబ్బో అనుకోని అవాంతరమో పరీక్షకు అడ్డొచ్చిందని పెట్టేది) ఆమోదం పొందితే, దెబ్బతిన్న ఆ పరీక్ష మార్కును గుంపు లెక్కలోకి తీసుకోరు. కాబట్టి మిగతావాళ్ల మోడరేషన్ దాని వల్ల చెడదు.

## ట్రయల్స్ అయ్యాక, పరీక్షల వేళ

ర్యాంకు ఖరారైపోయింది. ఇక పరీక్షకు అంత కష్టపడాలా?

ఈ ఆలోచనతో ఆగస్టు తర్వాత చేతులెత్తేసే పిల్లలు ఏటా ఉంటారు. పరీక్ష మార్కు నేరుగా 50 శాతం. పైగా మిగిలిన 50 శాతం ఎత్తు ఎంతన్నది కూడా పరీక్షే నిర్ణయిస్తుంది. టాప్ ర్యాంకర్లు మెత్తబడితే గుంపు అత్యధిక మార్కు తగ్గి, వాళ్ల సొంత అసెస్‌మెంటూ తగ్గుతుంది.

స్కూలు నెసాకు పంపిన మార్కు మాకు చెబుతారా?

పంపిన చివరి మార్కు చెప్పరు. టాస్కుల మార్కులు మీ దగ్గర ఉంటాయి, చివరి ర్యాంకు పరీక్షలన్నీ అయ్యాక నెసా స్టూడెంట్స్ ఆన్‌లైన్ ఖాతాలో కనిపిస్తుంది. ఊహించినదానికి బాగా దూరంగా ఉంటే వెంటనే స్కూల్లో రివ్యూ అడగాలి, గడువు కొద్ది రోజులే. ఆ రివ్యూలో బరువులు సరిగ్గా వేశారా, కూడికలో తప్పుందా, బుక్‌లెట్‌లో చెప్పిన పద్ధతి పాటించారా అన్నవే చూస్తారు. ఏ టాస్కునూ మళ్లీ దిద్దరు.

పరీక్ష రోజు జ్వరం వస్తే ఇంట్లో ఉంచేయాలా?

కదలగలిగితే వెళ్లి రాయడమే మంచిది. హాలులో సూపర్‌వైజర్‌కు చెప్పాలి, అదే రోజు డాక్టర్‌కు చూపించి ఇల్‌నెస్ మిసడ్వెంచర్ ఫారం స్కూలు ద్వారా గడువులోగా ఇవ్వాలి. ఆమోదం పొందితే రాసిన పరీక్ష మార్కు, అసెస్‌మెంట్ ఆధారంగా తేలే మార్కు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తారు. ఏడాది పొడవునా టాస్కులు శ్రద్ధగా చేసినవాళ్లకు అవి అండగా నిలిచేది ఇలాంటప్పుడే.

## ఫలితాలు చేతికొచ్చాక

అసెస్‌మెంట్ 88, పరీక్ష 81. ఈ తేడా ఏం చెబుతోంది?

స్కూలు వరుసలో మీవాడి స్థానం, పరీక్షలో అదే గుంపులో అతని స్థానం కన్నా మెరుగ్గా ఉందని. తిరగబడి ఉంటే పరీక్షలో తన వరుసను దాటి రాశాడని. తేడా ఉన్నంత మాత్రాన లెక్క తప్పిందని అనుకోనక్కర్లేదు.

పరీక్షలో 70 దాకానే వస్తాయనుకున్నాం, కాగితం మీద 82 ఉంది. ఇదీ మోడరేషనేనా?

ఇది వేరే సంగతి, దీన్ని అలైన్‌మెంట్ అంటారు. అనుభవమున్న టీచర్లు జవాబు పత్రాలు చూసి, ఈ పేపర్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన బ్యాండ్ 6కు కనీసం ఎన్ని ముడి మార్కులు (పేపరు దిద్ది వేసిన అసలు మార్కులు) కావాలో తేలుస్తారు. ఆ గీతకు 90 అని పేరు పెడతారు. అలాగే బ్యాండ్ 5కు 80, బ్యాండ్ 4కు 70. పేపరు కఠినంగా ఉంటే గీత కిందికి దిగుతుంది. పరీక్ష మార్కునూ, మోడరేట్ చేసిన అసెస్‌మెంట్ మార్కునూ, రెండింటినీ ఇలా మార్చాకే మీకు చూపిస్తారు. మోడరేషన్ దీనికి ముందే, ముడి మార్కుల మీద జరిగిపోతుంది.

యూనివర్సిటీ సీటుకు చూసే ఏటార్ ర్యాంకు ఈ మార్కుల నుంచే వస్తుందా?

కాగితం మీద కనిపించే మార్కుల నుంచి రాదు. యూనివర్సిటీస్ అడ్మిషన్స్ సెంటర్ ముడి పరీక్ష మార్కులను, ముడి మోడరేటెడ్ మార్కులను తీసుకుని తన సొంత స్కేలింగ్ చేస్తుంది. ఇంగ్లీషులో రెండు యూనిట్లు, మిగిలినవాటిలో మెరుగైన ఎనిమిది, మొత్తం పది యూనిట్లు లెక్కలోకి వస్తాయి. ఏటార్ మార్కు కాదు, తోటి వయసువాళ్లలో స్థానం. గరిష్ఠం 99.95, ఒక్కో మెట్టుకు తేడా 0.05. స్కూళ్ల మధ్య తేడా సరిచేసేది మోడరేషన్, కోర్సుల మధ్య తేడా సరిచేసేది స్కేలింగ్.

ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) నార్మలైజేషన్ లాంటిదేనా ఇది?

కాదు. అక్కడ ఒకే పరీక్షను వేర్వేరు సెషన్లలో వేర్వేరు పేపర్లతో రాస్తారు కాబట్టి పేపర్ల కష్టాన్ని సమం చేస్తారు. ఇక్కడ పేపరు అందరికీ ఒకటే, సమం చేసేది స్కూళ్ల దిద్దుబాటును.

మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో ఉన్న చుట్టాల పిల్లలకూ ఇదే పద్ధతా?

విక్టోరియాలో దగ్గరగా ఉంటుంది. అక్కడి ఇయర్ 12 సర్టిఫికెట్ అయిన వీసీఈలో స్కూలు మార్కులను కూడా పరీక్ష ఆధారంగా మోడరేట్ చేస్తారు, జనరల్ అచీవ్‌మెంట్ టెస్టును కూడా అవసరమైనచోట వాడతారు. క్వీన్స్‌లాండ్‌లో అలా కాదు. స్కూలు టాస్కులను ముందే ఆమోదించి, దిద్దిన పత్రాల నమూనాలను బయటివాళ్లు పరిశీలిస్తారు. బయటి పరీక్ష మార్కుతో స్కూలు మార్కును సర్దరు. బ్రిస్బేన్ నుంచి వచ్చిన సలహాను సిడ్నీ పిల్లలకు వర్తింపజేసే ముందు ఈ తేడా చూసుకోవాలి.